గని దిగిన ప్రతినిధులు

1968 మే 11న లండన్‌లోని వెంబ్లీ మైదానంలో డాన్ ఫాక్స్ అనే ఆటగాడు తడిసిన బంతిని బురదలో నిలబెట్టి కొన్ని అడుగులు వెనక్కు వేశాడు. ఎదురుగా గోల్ స్తంభాలు. చుట్టూ 87 వేల మంది. రగ్బీ లీగ్ ఛాలెంజ్ కప్ తుది పోరులో చివరి క్షణాలవి. లీడ్స్ 11, వేక్‌ఫీల్డ్ ట్రినిటీ 10. బంతి స్తంభాల నడుమ నుంచి దాటితే రెండు పాయింట్లు వచ్చి, కప్పు వేక్‌ఫీల్డ్‌ది అవుతుంది. ఆ దూరం నుంచి, ఆ కోణం నుంచి అతను గురి తప్పుతాడని లీడ్స్ అభిమానులు కూడా అనుకోలేదు. ఉరుములతో కురిసిన వానకు మైదానం చెరువైంది. తన్నిన కాలు సరిగా పడలేదు. బంతి పక్కకు పోయింది. ఫాక్స్ ఆ నీళ్లలోనే కూలబడ్డాడు.

ఆ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే లాన్స్ టాడ్ ట్రోఫీకి పత్రికా రచయితలు ఓటు వేసి ఎన్నుకున్నది అతన్నే. ఆ ఓటింగు ఆఖరి తన్నుకు ముందే ముగిసింది. బహుమతి దక్కిన మనిషి, కప్పు పోగొట్టిన మనిషి ఒకడే. బీబీసీ వ్యాఖ్యాత ఎడ్డీ వేరింగ్ గొంతులో ఆ క్షణాన పలికిన జాలి బ్రిటన్ జ్ఞాపకంలో ఒక భాగమైంది. ఆ తర్వాత నాలుగు దశాబ్దాల పాటు, 2008లో మరణించేదాకా, డాన్ ఫాక్స్ అనగానే ఆ ఒక్క తన్నే. అతను 1963లో ఆస్ట్రేలియాపై గ్రేట్ బ్రిటన్ జట్టుకు ఆడిన ప్రతినిధి అన్న సంగతి ఆ బురదలో కూరుకుపోయింది.

‘ప్రతినిధి’ అన్న మాటను తెలుగులో ఎక్కువగా చట్టసభలకే వాడుకుంటున్నాం. ఓటు వేయించుకుని రాజధానికి వెళ్లి, తిరిగి ఊరివైపు చూడని మనిషి అన్న అర్థం దానికి క్రమంగా స్థిరపడింది. ఇంగ్లండు ఉత్తరాది బొగ్గు ఊళ్లలో, జౌళి పట్టణాల్లో, రేవుల్లో ఈ మాటకు మరో అర్థం ఉండేది. శనివారం మధ్యాహ్నం దేశం తరఫున ఆడి, సోమవారం తెల్లవారుజామున తోటివాళ్లతో కలిసి గనిలోకి దిగేవాడు ప్రతినిధి. అతన్ని చూడడానికి టికెట్ కొనక్కర్లేదు. పక్కనే పార పట్టుకుని ఉంటాడు. రగ్బీ లీగ్ చరిత్రను ఆటల చరిత్రగా చదివితే సగమే అర్థమవుతుంది. తోటి కార్మికుడే దేశానికి ప్రతినిధి కావడం ఎలా సాధ్యమైంది, దాన్ని అడ్డుకోవాలని ఎవరు చూశారు, ఎందుకు చూశారు అన్నవి రాజకీయ ప్రశ్నలు.

డాన్ ఫాక్స్ పుట్టిన షార్ల్‌స్టన్ వెస్ట్ యార్క్‌షర్‌లోని ఒక గని గ్రామం. తండ్రి గనివాడు, రగ్బీ లీగ్ ఆటగాడు కూడా. ముగ్గురు కొడుకులూ ఆటలో పేరు తెచ్చుకున్నారు. పెద్దవాడు పీటర్ తర్వాతి కాలంలో గ్రేట్ బ్రిటన్ జట్టుకు శిక్షకుడయ్యాడు. చిన్నవాడు నీల్ తన జీవితకాలంలో సాధించిన 6,220 పాయింట్లను ఇప్పటికీ ఎవరూ దాటలేదు. డాన్ పన్నెండేళ్ల పాటు ఆడింది పక్క ఊరైన ఫెదర్‌స్టన్ జట్టుకు. ఈ ఫెదర్‌స్టన్ పేరు బ్రిటిష్ కార్మికోద్యమ చరిత్ర చదివినవారికి వేరే కారణంతో తెలుసు.

1893 వేసవిలో బొగ్గు ధర పడిపోయిందని గని యజమానులు కూలిలో నాలుగో వంతు కోయాలని పట్టుబట్టారు. కార్మికులు ఒప్పుకోలేదు. గనులకు తాళాలు పడ్డాయి. వారాల తరబడి పస్తులున్న ఊళ్లవి. సెప్టెంబర్ 7న ఫెదర్‌స్టన్‌లోని ఆక్టన్ హాల్ గని దగ్గర జనం గుమికూడారు. నిల్వ ఉన్న బొగ్గును బయటికి తరలిస్తున్నారన్నది వారి కోపం. మేజిస్ట్రేటు అల్లర్ల చట్టం చదివి వినిపించాడు. సైనికులు కాల్పులు జరిపారు. జేమ్స్ గిబ్స్, జేమ్స్ డగ్గన్ అనే ఇద్దరు చనిపోయారు. అప్పటి హోంమంత్రి ఆస్క్విత్ తర్వాత ప్రధాని అయ్యాడు గానీ, ఎన్నికల సభల్లో ఫెదర్‌స్టన్ పేరు అతన్ని చాలా ఏళ్లు వెంటాడింది. విచారణ సంఘం సైనికుల తప్పేమీ లేదని తేల్చింది. ఇలాంటి సంఘాలు తేల్చేది సాధారణంగా అదేనని మన పాఠకులకు చెప్పనక్కర్లేదు.

ఆ గని యజమాని శామ్యూల్ కన్‌లిఫ్ లిస్టర్ బ్రాడ్‌ఫర్డ్‌లోని మానింగ్‌హామ్ సిల్కు మిల్లుకూ అధిపతి. 1890–91లో ఆ మిల్లులో కూలి కోతపై సాగిన సమ్మె ఓడిపోయింది. ఆ ఓటమి మిగిల్చిన కసి నుంచే 1893 జనవరిలో అదే బ్రాడ్‌ఫర్డ్‌లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పుట్టింది.

ఫెదర్‌స్టన్ కాల్పులు జరిగిన పదమూడు రోజులకు, సెప్టెంబర్ 20న, లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ప్యాలెస్ హోటల్‌లో రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ సర్వసభ్య సమావేశం జరిగింది. యార్క్‌షర్ ప్రతినిధులు ప్రత్యేక రైల్లో వచ్చారు. వారు తెచ్చిన తీర్మానం చిన్నది. ఆట కోసం పని మానుకున్న కార్మికుడికి, ఆ పూట పోయిన కూలిని క్లబ్బు చెల్లించవచ్చునని అందులో ఉంది. ఇంగ్లిషులో దీన్ని ‘బ్రోకెన్ టైమ్’ అన్నారు. సింగరేణి కార్మికుడికి ఒక్క మాటతో అర్థమవుతుంది: పోయిన మస్టరుకు పరిహారం. శనివారం కూడా పూట పని ఉన్న రోజులవి. దూరపు ఊళ్లో మ్యాచ్ ఉంటే గనివాడు పని వదులుకోవాలి, వదులుకుంటే ఇంట్లో ఆ మేరకు తిండి తగ్గాలి. వకీలుకు, వైద్యుడికి, ఆక్స్‌ఫర్డ్ విద్యార్థికి ఆ ఇబ్బంది లేదు.

తీర్మానం ఓడింది. అనుకూలంగా 136, వ్యతిరేకంగా 282. వ్యతిరేక ఓట్లలో ప్రాక్సీలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. డబ్బు తాకితే ఆట మైల పడుతుందన్నది పెద్దల వాదన. ఆడే స్తోమత లేనివాడు ఆడకపోతే సరిపోతుంది కదా అన్నది దాని సారం. అదే కాలంలో క్రికెట్‌లో అమెచ్యూర్ హోదాలో ఉంటూనే ఖర్చుల పేరిట వృత్తి ఆటగాళ్ల కంటే ఎక్కువ గడించిన డబ్ల్యు.జి. గ్రేస్‌ను మహాపురుషుడిగా కొలిచారు. కాబట్టి మైల డబ్బులో లేదు, అది ఎవరి చేతిలో పడిందన్నదాంట్లో ఉంది.

ఇక్కడ కలకత్తా ప్రస్తావన తప్పదు. రగ్బీ యూనియన్‌లో ఇంగ్లండు, స్కాట్లండుల మధ్య ఏటా జరిగే పోటీ విజేతకు ఇచ్చేది ‘కలకత్తా కప్పు’. 1872 క్రిస్మస్ నాడు కలకత్తాలోని తెల్లవాళ్లు రగ్బీ ఆడారు, మరుసటి ఏడాది క్లబ్బు పెట్టుకున్నారు. ఉచిత మద్యం ఉన్నన్నాళ్లూ సభ్యులు బాగానే వచ్చారు. అది ఆగిపోయాక, పోలో, టెన్నిస్‌ల మోజు పెరిగాక, క్లబ్బు పలచబడింది. 1878లో మూసివేస్తూ బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలను తీసి, కరిగించి, ఒక కప్పు చేయించి లండన్‌లోని యూనియన్‌కు బహూకరించారు. దానికి మూడు పిడులు, మూడూ నాగుపాములే. మూత మీద ఏనుగు. 1879లో ఎడిన్‌బరోలో మొదటిసారి ఆ కప్పు కోసం ఆడారు.

ఆ రూపాయలు బ్యాంకులో పడి ఉన్న 1876–78 సంవత్సరాల్లోనే కడప, కర్నూలు, బళ్లారి జిల్లాల్లో ధాత కరువు జనాన్ని మింగింది. సహాయ పనుల్లో కూలి ఎక్కువవుతోందని వైస్రాయి పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ దాన్ని తగ్గించాడు. మగవాడికి రోజంతా రాళ్లు కొట్టినందుకు ఒక పౌను ధాన్యం ఖరీదు, దానిపైన ఒక అణా. కప్పుకూ కరువుకూ నేరుగా ముడి లేదు, నిజమే. కానీ రూపాయలు కరిగించి చేసిన కప్పును అపురూపంగా దాచుకున్న సంస్థే, గనివాడి చేతికి పోయిన పూట కూలి అందితే ఆట పవిత్రత చెడుతుందని తీర్మానించింది. రెండుచోట్లా కూలి లెక్క చూసినవాళ్లు ఒకే బళ్లలో చదివినవాళ్లు.

1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ పట్టణంలోని జార్జ్ హోటల్‌లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై వేరు కుంపటి పెట్టుకున్నాయి. మొత్తం 22 క్లబ్బులతో ‘నార్తర్న్ రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్’ ఏర్పడింది. 1922లో దాని పేరు రగ్బీ ఫుట్‌బాల్ లీగ్‌గా మారింది. మొదట్లో వారు అనుమతించింది రోజుకు ఆరు షిల్లింగుల పరిహారం మాత్రమే. దీన్ని విప్లవంగా చిత్రించడం పొరపాటు. ఆ హోటల్ గదిలో కూర్చున్న వారిలో ఎక్కువమంది వ్యాపారులు, మిల్లుదారులు. కార్మికుడికి న్యాయం చేయాలన్న తపన ఎంతో, గేటు దగ్గర వసూళ్లు పెంచుకోవాలన్న ఆశ కూడా అంతే. తమ కూలీలను తామే అదుపులో పెట్టుకోవాలన్న ఆలోచన కూడా వారిని వదల్లేదు.

దానికి రుజువు 1898లో వచ్చింది. ఆ ఏడాది ఆటగాళ్లకు బహిరంగంగా డబ్బు చెల్లించడాన్ని అనుమతించారు. దానితో పాటే ఒక విచిత్రమైన నిబంధన పెట్టారు. ఆడే ప్రతి ఒక్కడికీ ఆట కాకుండా నిజమైన ఉద్యోగం ఒకటి ఉండి తీరాలి. వారమంతా పనికి వెళ్లకపోతే శనివారం ఆడనివ్వరు. బిలియర్డ్స్ బల్ల దగ్గర లెక్క రాసేవాడి పని, సారా దుకాణంలో వడ్డించే పని ఉద్యోగాల కింద చెల్లవు. మర్యాదస్తుడైన కార్మికుడే ఆటగాడు కావాలన్నమాట. కొన్నేళ్లకు ఆ నిబంధన ఎత్తేశారు గానీ, దాని నీడ చాలాకాలం నిలిచింది. ఆట ఇచ్చే డబ్బుతో ఇల్లు గడవదు కాబట్టి ఆటగాడు గని వదల్లేదు. నిబంధన బలవంతంగా చేయించిన పనినే తర్వాత పేదరికం చేయించింది.

ఈ స్థితిలో ఒక అన్యాయం ఉంది, ఒక అందం కూడా ఉంది. అన్యాయం గురించి ఎంతైనా చెప్పవచ్చు. దేశం పేరున్న చొక్కా వేసుకుని ఎముక విరగ్గొట్టుకున్నవాడికి సోమవారం కూలి పోయేది. ఓడలో నెలల పాటు సాగే ఆస్ట్రేలియా యాత్రకు ఎంపిక కావడమంటే గౌరవంతో పాటు ఇంటిల్లిపాదికీ గడ్డుకాలం. 1914 జులైలో సిడ్నీలో హెరాల్డ్ వాగ్‌స్టాఫ్ నాయకత్వంలోని జట్టు గాయాలతో ఒక దశలో పదిమందికి పడిపోయి కూడా ఆస్ట్రేలియాను 14–6తో ఓడించింది. ఎనిమిది రోజుల్లో మూడు టెస్టులు ఆడమన్నది సాక్షాత్తూ స్వదేశంలోని యాజమాన్యమే. ఆటగాళ్ల అభ్యంతరానికి జవాబుగా నెల్సన్ కాలపు కర్తవ్య బోధను గుర్తుచేస్తూ తంతి వచ్చింది. ఆ మ్యాచ్‌కు జూలూ యుద్ధంలోని ‘రోర్క్స్ డ్రిఫ్ట్’ పేరు పెట్టి పొగిడారు. కార్మికుల తెగువను వర్ణించడానికి సామ్రాజ్యానికి తన యుద్ధాలు తప్ప వేరే ఉపమానం దొరకలేదు.

అందం సంగతి చెప్పడం కష్టం. బొగ్గు పొరల కింద పనిచేసేవాడు పక్కవాడిని నమ్మకపోతే బతకడు. పైకప్పు కూలే చప్పుడు ముందుగా ఎవరు వింటే వారు అరవాలి. ఆ నమ్మకంతో బతికే మనుషుల మధ్య ఒకడు దేశానికి ఆడినంత మాత్రాన వేరే కులస్థుడు కాలేదు. వాడి గొప్పతనం అందరిదీ. వాడి తప్పును వెక్కిరించే హక్కు కూడా వాళ్లదే, బయటివాడిది కాదు. వేక్‌ఫీల్డ్ మైదానంలోనే చిత్రీకరించిన 1963 నాటి ‘దిస్ స్పోర్టింగ్ లైఫ్’ సినిమాకు మూలమైన నవల రాసిన డేవిడ్ స్టోరీ గనివాడి కొడుకు, స్వయంగా లీడ్స్ రెండో జట్టుకు ఆడినవాడు. ఆటగాడి దేహాన్ని క్లబ్బు యజమానులు పశువుల సంతలో మాదిరిగా బేరమాడడం అతనికి దగ్గరగా తెలుసు.

ఆస్ట్రేలియాలోనూ కథ ఇదే దారిలో నడిచింది. 1907లో సిడ్నీ ఆటగాడు అలెక్ బర్డన్ గాయపడి పనికి వెళ్లలేకపోతే యూనియన్ పైసా ఇవ్వలేదు. ఆ కోపం కూడా కలిసి 1908లో అక్కడ రగ్బీ లీగ్ మొదలైంది. ఫ్రాన్స్‌లో మరింత బాహాటంగా జరిగింది. నాజీలకు లొంగిన విషీ ప్రభుత్వం 1941లో రగ్బీ లీగ్ సంస్థను రద్దు చేసి, ఆస్తులు లాగేసుకుంది. ఒక ఆటను ప్రభుత్వ ఉత్తర్వుతో చంపాలని చూడడం వింతగా అనిపించవచ్చు. వామపక్షాలకు పట్టున్న ప్రాంతాల ఆట అన్న అనుమానం, పాత యూనియన్ పెద్దల పలుకుబడి తోడైతే అది వింతేమీ కాదు.

కార్మికుల ఆటలో అందరికీ చోటు దొరికిందా? దొరికింది, కానీ షరతులతో. వేల్స్‌కు చెందిన నల్లజాతి ఆటగాడు రాయ్ ఫ్రాన్సిస్‌ను 1946 ఆస్ట్రేలియా యాత్రకు తీసుకోలేదు. ఆ దేశం అప్పుడు అమలు చేస్తున్న శ్వేతజాతి వలస విధానమే అందుకు కారణమని అందరికీ తెలుసు. అదే ఫ్రాన్సిస్ తర్వాత హల్ క్లబ్బుకు శిక్షకుడై, బ్రిటన్‌లో ఆ స్థాయికి చేరిన తొలి నల్లజాతీయుల్లో ఒకడయ్యాడు. 1968లో డాన్ ఫాక్స్ తన్ను తప్పిన నాడు గెలిచిన లీడ్స్ జట్టును తీర్చిదిద్దిన శిక్షకుడూ అతనే. కార్డిఫ్ రేవు పేటలో పుట్టిన బిల్లీ బోస్టన్ విగాన్ జట్టు తరఫున 478 ట్రైలు చేశాడు. 1957లో గ్రేట్ బ్రిటన్ జట్టు ఆస్ట్రేలియా నుంచి తిరిగి వస్తూ దక్షిణాఫ్రికాలో ప్రదర్శన పోటీలు ఆడింది. బోస్టన్ మాత్రం నేరుగా ఇంటికి వచ్చాడు. వర్ణవివక్ష రాజ్యంలో అతనికి చోటు లేదు. అతను లేకుండా ఆడడానికి జట్టుకు అభ్యంతరమూ లేకపోయింది. తోటివాడి కోసం సమ్మె కట్టడం తెలిసిన మనుషులు ఆ రోజు ఎందుకు మౌనంగా ఉన్నారన్న ప్రశ్నను ఈ ఆట అభిమానులు చాలాకాలం దాటవేశారు.

కార్డిఫ్‌లోనే పుట్టిన క్లైవ్ సల్లివన్ 1961లో హల్‌కు వచ్చాడు. 1972లో గ్రేట్ బ్రిటన్ జట్టుకు నాయకుడయ్యాడు. ఏ ఆటలోనైనా బ్రిటన్ జాతీయ జట్టుకు తొలి నల్లజాతి నాయకుడు అతనే. ఇంగ్లండు ఫుట్‌బాల్ జట్టుకు పాల్ ఇన్స్ రూపంలో అలాంటి నాయకుడు రావడానికి 1993 దాకా ఆగాల్సి వచ్చింది. 1972 ప్రపంచ కప్పు తుది పోరు ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఐదు వేల మంది కూడా లేని మైదానంలో జరిగింది. సల్లివన్ తన సగం నుంచి బంతి పట్టుకుని మైదానం పొడవునా పరుగెత్తి ట్రై చేశాడు. ఆట 10–10తో సమమైంది. అంతకుముందు మ్యాచ్‌ల లెక్కతో కప్పు బ్రిటన్‌కు వచ్చింది. ఆ దేశం ఆ కప్పును గెలిచింది అదే చివరిసారి. అతను 1985లో క్యాన్సర్‌తో 42 ఏళ్లకే చనిపోయాడు. హల్ నగరంలోకి వెళ్లే ప్రధాన రహదారికి అతని పేరు పెట్టారు. పరస్పరం పడని ఆ నగరపు రెండు జట్లకూ ఆడి, ఇద్దరి చేతా ప్రేమించబడిన మనిషి కాబట్టి పేరు విషయంలో ఎవరికీ పేచీ రాలేదు.

భారతదేశం ఇదే చిక్కును వేరే దారిలో విప్పుకుంది. ఇక్కడ పోయిన మస్టరుకు పరిహారం ఇవ్వాలా వద్దా అన్న చర్చే రాలేదు. ఆటగాడికి ప్రభుత్వమే మస్టరు రాసింది. సైన్యం, రైల్వేలు, పోలీసు శాఖ జట్లను పోషించాయి. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఠాణాలో పక్క బల్ల దగ్గర కూర్చున్న మనిషి ఒలింపిక్స్ ఆడి వచ్చినవాడు కావడం ఆ రోజుల హైదరాబాద్‌లో వింత కాదు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టి, 1956, 1960 ఒలింపిక్స్ ఆడి, 1962 ఆసియా క్రీడల స్వర్ణ జట్టులో నిలిచిన తులసీదాస్ బలరాం చివరకు చేరింది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే జట్టుకే. 2023లో ఆయన మరణించినప్పుడు తెలుగు పత్రికల కంటే బెంగాల్ పత్రికలే ఎక్కువ రాశాయి. ఉద్యోగం ఇచ్చిన వ్యవస్థ జ్ఞాపకం ఉంచుకుంటుందన్న హామీ మాత్రం ఇవ్వలేదు. క్రీడా కోటా నియామకాలను నేడు వృథా ఖర్చుగా లెక్కగట్టేవారు, అవి లేకుంటే ఆ ఆటగాళ్లలో ఎందరు మైదానం దాకా వచ్చేవారో కూడా లెక్క వేయాలి.

తిరిగి ఫెదర్‌స్టన్‌కు వద్దాం. 1983లో ఆ చిన్న ఊరి జట్టు వెంబ్లీలో బలమైన హల్ జట్టును 14–12తో ఓడించి ఛాలెంజ్ కప్ ఎత్తుకుంది. జట్టులో గని కార్మికులున్నారు. పది నెలలు తిరగకుండానే, 1984 మార్చిలో, గనుల మూసివేతకు వ్యతిరేకంగా దేశవ్యాప్త సమ్మె మొదలైంది. అది ఏడాది నడిచి ఓడిపోయింది. సమ్మె ముగిశాక మొదటగా మూసేసిన గని ఆక్టన్ హాల్. 1893లో కాల్పులు జరిగింది దాని గేటు దగ్గరే. షార్ల్‌స్టన్ గని 1993లో మూతపడింది. ఆటగాడిని కన్న గని పోయాక ఆట ఎలా మిగులుతుందన్నది ఆ ఊళ్లకు ఒక్కసారిగా ఎదురైన ప్రశ్న.

1995లో జవాబు టెలివిజన్ రూపంలో వచ్చింది. రూపర్ట్ మర్డాక్ సంస్థ కోట్ల పౌన్లు కుమ్మరించి ‘సూపర్ లీగ్’ పెడతానంది. ఫెదర్‌స్టన్, కాజిల్‌ఫర్డ్, వేక్‌ఫీల్డ్ జట్లను కలిపేసి ‘కాల్డర్’ అనే కొత్త పేరుతో ఒక్క జట్టు చేయాలన్నది అందులో భాగం. నూరేళ్ల పాటు ఒకరినొకరు ఓడించుకోవడమే బతుకైన ఊళ్లవి. జనం వీధుల్లోకి వచ్చారు, విలీనం ఆగింది. కానీ ఫెదర్‌స్టన్‌కు ఆ పెద్ద లీగులో చోటు దక్కలేదు.

అదే 1995 ఆగస్టు చివరలో, హడర్స్‌ఫీల్డ్ చీలికకు నూరేళ్లు నిండడానికి మూడు రోజుల ముందు, అంతర్జాతీయ రగ్బీ బోర్డు తమ ఆటలో డబ్బు చెల్లించవచ్చునని ప్రకటించింది. అప్పటిదాకా రగ్బీ లీగ్ ఒక్కసారి ఆడినా, రూపాయి తీసుకోకుండా ఆడినా, యూనియన్‌లో జీవితకాల బహిష్కారమే. ఈ వివక్షను నిషేధించాలంటూ వేక్‌ఫీల్డ్ లేబర్ ఎంపీ డేవిడ్ హించ్‌లిఫ్ అంతకు కొద్దికాలం ముందే పార్లమెంటులో ప్రైవేటు బిల్లు పెట్టాడు. అది చట్టం కాలేదు. నూరేళ్ల నాటి మైల ఒక్క ప్రకటనతో కడిగేసుకుపోయింది. నూరేళ్ల పాటు వెలివేసిన వారికి క్షమాపణ అన్న ఊసు మాత్రం ఆ ప్రకటనలో లేదు.

ఆ సంవత్సరమే మరొకటి జరిగింది, పెద్దగా ఎవరి కంటా పడకుండా. ఇక్రమ్ బట్ అనే ఆటగాడు వేల్స్‌పై ఇంగ్లండు రగ్బీ లీగ్ జట్టుకు ఆడాడు. లీడ్స్‌లో పాకిస్తాన్ మూలాలున్న కుటుంబంలో పుట్టినవాడు. రెండు రగ్బీల్లో దేన్ని తీసుకున్నా ఇంగ్లండుకు ఆడిన తొలి దక్షిణాసియా మూలాల ఆటగాడు అతనే. 1950ల తర్వాత మీర్పూరు నుంచి, పంజాబు నుంచి వచ్చి యార్క్‌షర్ మిల్లుల్లో రాత్రి షిఫ్టులు చేసిన తరం బిడ్డలకు ఆ చొక్కా ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. అతను పేరు తెచ్చుకున్నది ఫెదర్‌స్టన్ రోవర్స్ జట్టులో. రెండేళ్ల క్రితమే ఆ ఊరు కాల్పుల శతాబ్ది జరుపుకున్న కాలమది.

2025 జూన్‌లో బిల్లీ బోస్టన్‌కు ‘సర్’ బిరుదు దక్కింది. అప్పటికి ఆయనకు 90 ఏళ్లు. 130 ఏళ్ల రగ్బీ లీగ్ చరిత్రలో ఆ గౌరవం పొందిన తొలి ఆటగాడు. రగ్బీ యూనియన్‌కు, క్రికెట్‌కు, ఫుట్‌బాల్‌కు, గుర్రప్పందాలకు కూడా ఆ బిరుదులు ఎన్నడో వచ్చాయి. అప్పటికి క్లైవ్ సల్లివన్ పోయి నలభై ఏళ్లు. రాయ్ ఫ్రాన్సిస్ ఆ తర్వాత కొన్నేళ్లకు పోయాడు. డాన్ ఫాక్స్ పోయి పదిహేడేళ్లు.

వెంబ్లీలో ఆ చివరి తన్నును టీవీ ఛానళ్లు ఇప్పటికీ చూపుతుంటాయి. కొన్ని సెకన్ల ముక్క అది. అంతకుముందు డెబ్బై తొమ్మిది నిమిషాల పాటు, నీళ్లు నిండిన ఆ మైదానంలో, అందరికంటే బాగా ఆడిన మనిషి ఎవరన్నది ఆ ముక్కలో కనిపించదు. ఆ మ్యాచ్‌లో వేక్‌ఫీల్డ్ చేసిన పది పాయింట్లలో నాలుగు అతని కాలి నుంచి వచ్చినవే.